బాడుగ తోలకమునకు ఎట్టి ట్రాలీ కొనవలయును?

సూర్యాపేట, కోదాడ ప్రాంతముల నుండి మిర్యాలగూడ మిల్లులకు బాడుగకు ధాన్యము తోలదలచి ట్రాలీ కొనబోవు సభ్యులు, తొట్టి పొడవును గాక, బరువు ఎచ్చట మోపబడునో ముందు చూడవలయును.

రెండు చక్రముల ట్రాలీ తన బరువులో కొంత ట్రాక్టరు కొక్కెముపై మోపును. అందుచే బురదచేలలో ట్రాక్టరు వెనుక చక్రములకు పట్టు హెచ్చును. వెనుకకు నడుపుటయు సులభము. కాని బస్తాలన్నియు ముందువైపుననే పేర్చినచో ట్రాక్టరు ముందు చక్రములు తేలి స్టీరింగు పట్టు తప్పును. వెనుకనే పేర్చినచో కొక్కెము పైకి లేచి వెనుక చక్రములు జారును. నాలుగు చక్రములది తన భారము తానే మోయును గాన దూరపు తారురోడ్డునకు మేలు. దానిని వెనుకకు నడుపుట మాత్రము చేయి తిరిగినవానికే సాధ్యము.

సాగరు ఎడమకాలువ కట్టలు దిగునపుడు బ్రేకులు లేని నిండు ట్రాలీ ట్రాక్టరును ముందునకు నెట్టును. ధర తగ్గునని బ్రేకులు మానుకొనుట మాకు సమ్మతము గాదు.

మరియొక మాట. సొంత సేద్యమునకని చేయించిన రిజిస్ట్రేషను, బీమా బాడుగ తోలకమునకు చాలవు. ప్రమాదము జరిగినచో పరిహారము పొలమమ్మి చెల్లింపవలసి రావచ్చును.