అరగంటలో పౌష్టికమైన రాత్రి భోజనం: టోఫు, కూరగాయల వేపుడు

పని ముగించుకొని, రద్దీలో గంటకు పైగా ప్రయాణించి, రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరేవారికి వంట ఒక భారంగానే తోస్తుంది. బెంగళూరులో నివసించే తెలుగు కుటుంబాలలో చాలామందికి ఇది నిత్యానుభవమే. కుక్కరులో అన్నం ఒక్కటి వండుకొని, ఊరి నుంచి తెచ్చుకొన్న ఆవకాయతోనో గోంగూర పచ్చడితోనో కలుపుకొని ఆ పూట గడిపేస్తారు. అది కూడా వీలుకాని నాడు బయటి నుంచి పార్సిల్ తెప్పించుకొంటారు. ఎప్పుడో ఒక పూట ఇలా గడిస్తే దోషం లేదు. వారంలో ఐదు రాత్రులు ఇదే వరుస సాగితే మాత్రం కడుపు నిండుతుంది గాని శరీరానికి కావలసినది అందదు.

ఆ లోటును ఒకే బాణలిలో, అరగంటలో తీర్చగల శాకాహార వంటకం ఒకటి ఇక్కడ వివరిస్తున్నాము. ఇందులో పాల పదార్థాలు కూడా ఉండవు. పోపు, నువ్వుల పొడి, నిమ్మరసం మన వంటింటివే. కొత్తది టోఫు ఒక్కటే.

పచ్చడి అన్నంలో లోపించేది ఏమిటి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అంటే 60 కిలోల బరువున్న వ్యక్తికి రోజుకు సుమారు 50 గ్రాములు. ఒక కప్పు అన్నంలో ఉండేవి దాదాపు 4 గ్రాములే. రెండు కప్పుల అన్నం పచ్చడితో తిన్నా ఆ పూటకు 8, 9 గ్రాములకు మించవు. అదే సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూరగాయలు, ఆకుకూరలు కలిపి రోజుకు 400 గ్రాములు తినాలని చెబుతున్నాయి. పచ్చడి అన్నంలో ఆ భాగం దాదాపు శూన్యం. పైగా పచ్చడిలో ఉప్పు అధికం. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చిన్న చెంచా, దాటకూడదు.

మాంసకృత్తులకు మన ఇళ్ళలో అనాదిగా ఉన్న ఆధారం పప్పు. దానిని వదలవలసిన పని లేదు. పప్పు ఉడికించి, తాలింపు వేసి, వేరుగా కూర వండేందుకు ఓపిక లేని రాత్రులలో టోఫు అక్కరకు వస్తుంది.

టోఫు అంటే ఏమిటి?

సోయా చిక్కుడు గింజలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, కాచి, కాల్షియం లేదా మెగ్నీషియం లవణంతో విరిచి, గుడ్డలో వడకట్టి అదిమితే టోఫు తయారవుతుంది. చైనాలో పుట్టి, శతాబ్దాల నాడే జపాను, కొరియా, ఆగ్నేయాసియా దేశాలకు వ్యాపించిన ఆహారమిది. చూపునకు పనీరులా ఉంటుంది. మన దుకాణాలలో ‘సోయా పనీర్’ అనే పేరుతోనూ అమ్ముతారు.

సోయా మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. తెలుగువారి విందులలో బిర్యానీలోను, కుర్మాలోను కనిపించే మీల్ మేకర్ కూడా సోయా నుంచి వచ్చినదే. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం సోయాలో సమృద్ధిగా ఉంటుంది. అందువల్ల అన్నం, టోఫు ఒకదాని లోటును మరొకటి పూరిస్తాయి.

టోఫుకు రుచి లేదని కొందరు పెదవి విరుస్తారు. ఆ మాట నిజమే. దానికంటూ బలమైన రుచి లేదు గనుకనే మనం పెట్టిన రుచిని అది గ్రహిస్తుంది. నీరు తీయకుండా, కారం పట్టించకుండా వండినప్పుడే అది చప్పగా మిగిలిపోతుంది.

కొనేటప్పుడు

గట్టి రకాన్నే తీసుకోవాలి. గరిటె తగిలితే చితికిపోయే మెత్తని రకం వేపుడుకు పనికిరాదు. ప్యాకెట్టుపై 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్యను, గడువు తేదీని చూడాలి. ఆకుపచ్చ చుక్క ఉన్నంత మాత్రాన అది టోఫు అనుకోరాదు; పాల పనీరుకు కూడా అదే గుర్తు ఉంటుంది. పాలు పడనివారు పదార్థాల జాబితా తప్పక చదవాలి. నీటిలో ఉంచి విడిగా అమ్మే టోఫు పుల్లని వాసన వేసినా, జిగురుగా తగిలినా కొనవద్దు.

కూరగాయల సంతలో కన్నడ పేర్లు తెలిసి ఉంటే పని సులువవుతుంది. బీన్స్‌ను హురుళికాయి అంటారు. ఒట్టి ‘హురుళి’ అంటే ఉలవలు. క్యాబేజీ ఎలెకోసు. క్యాప్సికం దొణ్ణె మెణసినకాయి. ఉల్లిపాయ ఈరుళ్ళి. వెల్లుల్లి బెళ్ళుళ్ళి. నువ్వులు ఎళ్ళు. కరివేపాకు కరిబేవు. నిమ్మకాయ నింబెహణ్ణు. పచ్చి అల్లం కావాలంటే ‘హసి శుంఠి’ అని అడగాలి. ‘ఒణ శుంఠి’ అంటే మన శొంఠి.

కావలసినవి (ఇద్దరికి)

గట్టి టోఫు: 200 గ్రాములు
క్యారెట్, బీన్స్, క్యాప్సికం, క్యాబేజీ: ఒక్కొక్కటి 100 గ్రాములు
ఉల్లిపాయ: 1
అల్లం: అంగుళం ముక్క, వెల్లుల్లి: 4 రెబ్బలు
నూనె: 4 చిన్న చెంచాలు
ఆవాలు, జీలకర్ర: అర చెంచా చొప్పున
పసుపు: చిటికెడు, కరివేపాకు: 2 రెమ్మలు
ఉప్పు: ముప్పావు చిన్న చెంచా
నిమ్మకాయ: సగం
పొడికి: నువ్వులు 2 పెద్ద చెంచాలు, ధనియాలు 1 చిన్న చెంచా, ఎండుమిరపకాయలు 3

పొడిని సెలవునాడు ఎక్కువ మోతాదులో చేసుకొని, తడి తగలని సీసాలో ఉంచుకొంటే వారమంతా పనికివస్తుంది.

తయారుచేసే విధానం

1. ముందుగా అన్నం పొయ్యి మీద పెట్టాలి. టోఫును శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, రెండు పళ్ళేల మధ్య ఉంచి, పైన నీళ్ళు నింపిన గిన్నె బరువుగా పెట్టాలి. పది నిమిషాలలో నీరు గుడ్డలోకి దిగుతుంది.

2. ఈ లోగా కూరగాయలను ముందు కడిగి, ఆ తరువాత తరగాలి. తరిగాక కడిగితే నీటిలో కరిగే విటమిన్లు కొంత పోతాయి. క్యారెట్, బీన్స్ సన్నగాను, క్యాప్సికం, క్యాబేజీ కొంచెం పెద్దగాను తరిగితే అన్నీ సమంగా మగ్గుతాయి.

3. నువ్వులు, ధనియాలు, ఎండుమిర్చి నూనె లేకుండా దోరగా వేయించి, చల్లార్చి, బరకగా పొడి చేయాలి.

4. టోఫును అంగుళం ముక్కలుగా కోయాలి. బాణలి బాగా వేడెక్కాక 2 చెంచాల నూనె వేసి, ముక్కలను ఒకదానిపై ఒకటి పడకుండా పరచాలి. మూడు నిమిషాలు కదపవద్దు. అడుగు ఎరుపెక్కితే ముక్క తనంతట తానే బాణలిని వదులుతుంది. అప్పుడు తిరగవేసి, రెండో వైపు కూడా వేయించి పక్కన పెట్టాలి.

5. అదే బాణలిలో మిగిలిన నూనె పోసి ఆవాలు, జీలకర్ర, కరివేపాకుతో పోపు పెట్టాలి. ఉల్లిపాయ, దంచిన అల్లం, వెల్లుల్లి వేసి రెండు నిమిషాలు వేయించాలి. తరువాత క్యారెట్, బీన్స్, పసుపు, ఉప్పు వేసి, కొద్దిగా నీళ్ళు చిలకరించి నాలుగు నిమిషాలు మూత పెట్టాలి.

6. మూత తీసి, మంట పెంచి, క్యాబేజీ, క్యాప్సికం వేసి మూడు నిమిషాలు కలపాలి. కూరగాయలు పంటికి కాస్త కరకరలాడుతూ ఉండగానే టోఫు ముక్కలు, నువ్వుల పొడి చేర్చి ఒక నిమిషం వేయించి దించాలి. నిమ్మరసం పొయ్యి కట్టేసిన తరువాతే పిండాలి. అందులోని విటమిన్ ‘సి’ వేడికి నశిస్తుంది. శాకాహారంలోని ఇనుమును శరీరం గ్రహించడానికి అదే తోడ్పడుతుంది. ఇదే కారణంగా భోజనం వెంటనే టీ తాగే అలవాటు మానడం మంచిది. టీ ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది.

టోఫు నీరు తీయడం అనవసరమైన పని అనుకోవద్దు. ముక్కలో నీరు ఉన్నంతసేపూ అది ఉడుకుతుందే గాని వేగదు. బాణలికి అంటుకొని చితుకుతుంది. టోఫు నచ్చలేదని చెప్పేవారిలో చాలామంది తిన్నది అలా నీరోడిన టోఫునే.

ఈ పళ్ళెంలో ఎంత ఉంది?

ప్యాకెట్టుపై 100 గ్రాములకు 12 గ్రాముల మాంసకృత్తులు అని ఉందనుకొందాము. ఒక్కొక్కరికి టోఫు నుంచి 12 గ్రాములు, ఒక కప్పు అన్నం నుంచి 4 గ్రాములు, నువ్వులు, కూరగాయల నుంచి మరికొన్ని అందుతాయి. మొత్తం 18 గ్రాములకు తగ్గదు; అంటే 60 కిలోల వ్యక్తికి రోజు అవసరంలో మూడోవంతుకు పైగా. కూరగాయలు 200 గ్రాములు, అనగా రోజుకు కావలసిన దానిలో సగం, ఒక్క పూటలోనే సమకూరుతాయి. అన్నం బదులు జొన్నరొట్టె గాని, రాయలసీమవారు సంగటి అని, కన్నడిగులు ముద్దె అని పిలిచే రాగిముద్ద గాని చేర్చుకోవచ్చు. రాగి ముద్దకు ఈ కూరను కాస్త నీళ్ళు పోసి పులుసుగా వండితే బాగుంటుంది.

ఫ్రిజ్ లేని గదులలో

విప్పిన టోఫును నీటిలో ముంచి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. నీటిని ప్రతిరోజూ మార్చి, మూడు రోజులలో వాడేయాలి. రెండు గంటలకు మించి బయట ఉన్నదానిని వాడవద్దు. ఫ్రిజ్ లేనివారు ఆ పూటకు సరిపడా మాత్రమే కొనాలి, లేదా మీల్ మేకర్ వాడుకోవాలి. పొడిగా ఉంటుంది గనుక అది అలమారలోనే నిల్వ ఉంటుంది. 50 గ్రాముల మీల్ మేకర్‌ను వేడినీటిలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, పై పద్ధతిలోనే వేయిస్తే 200 గ్రాముల టోఫుకు దీటైన మాంసకృత్తులు లభిస్తాయి.

ఎవరు జాగ్రత్త వహించాలి?

సోయా పడనివారు దీనిని తినరాదు. థైరాయిడ్ మాత్రలు వాడేవారిలో సోయా ఆ మందు ఒంటబట్టడాన్ని తగ్గించగలదు. మాత్రకు, భోజనానికి మధ్య ఎంత వ్యవధి ఉండాలో వైద్యుని అడగాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాంసకృత్తుల మోతాదును వైద్యుని సలహా మేరకే నిర్ణయించుకోవాలి. పాలు, పెరుగు కూడా మానినవారికి విటమిన్ బి12 మొక్కల ఆహారం నుంచి నమ్మకంగా లభించదు; దానిని మాత్రల ద్వారానో, బి12 చేర్చిన ఆహారం ద్వారానో పొందాలి.

చివరగా ఒక పౌర బాధ్యత. తొక్కలు, కాడలు తడి చెత్తలోను, కడిగి ఆరబెట్టిన టోఫు డబ్బా, కవరు పొడి చెత్తలోను వేయాలి.

ఆవకాయను వదులుకోమని ఎవరూ అనరు. అది పళ్ళెంలో ఒక మూలకు చేరి, మధ్యలో కూర నిలిస్తే చాలు. వారంలో రెండు రాత్రులతో ఆరంభించండి. చేయి అలవాటు పడ్డాక, పార్సిల్ ఇంటికి చేరే లోపే మీ భోజనం సిద్ధమవుతుంది.