ఎంజైముల జాడ తెలిపే వెలుగు

తేటగా కనిపించే నీరంతా త్రాగదగిన నీరు కాదు. అందులో మలమాలిన్యం కలిసిందీ లేనిదీ కంటికి గాని, నాలుకకు గాని తెలియదు. ఆ సంగతి తెలుసుకోవడానికి నీటిలో ఇ. కోలై అనే సూక్ష్మజీవి ఉన్నదేమో పరీక్షిస్తారు. ఇది మనుష్యుల ప్రేగులలోను, పశువుల ప్రేగులలోను నివసిస్తుంది. కనుక నీటిలో ఇది కనిపించిందంటే మలమాలిన్యం చేరిందన్నమాట. త్రాగునీటి నమూనా 100 మిల్లీలీటర్లలో ఇది ఏమాత్రం కనిపించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది.

గొట్టాలలో పులియబెట్టి పరీక్షించే పాత పద్ధతిలో ఈ విషయం నిర్ధారణ కావడానికి రెండు నుండి నాలుగు రోజులు పట్టేది. అంతవరకు ఊరివారు ఆ నీటినే త్రాగవలసి వచ్చేది. ఇప్పుడు ఒక్క రోజులో తెలుసుకొనే మార్గం ఉన్నది. ఆ మార్గానికి ఆధారం ఒక నీలి వెలుగు.

ప్రతిదీప్తి అంటే ఏమి?

కొన్ని పదార్థాలు అతినీలలోహిత కిరణాలను గ్రహించి, వెంటనే కంటికి కనిపించే కాంతిని వెలువరిస్తాయి. దీనినే ప్రతిదీప్తి అంటారు. గ్రహించిన శక్తిలో కొంత వేడిగా మారిపోతుంది. అందుచేత వెలువడే కాంతికి శక్తి తక్కువ, తరంగదైర్ఘ్యం ఎక్కువ. 1852లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు క్వినైను ద్రావణం మొదలైన వాటితో ప్రయోగాలు చేసి ఈ సత్యాన్ని వెల్లడించాడు. కరెన్సీ నోటు మీది అంకెలు అతినీలలోహిత దీపం క్రింద మెరవడం కూడా ప్రతిదీప్తియే.

తాళం వేసిన వెలుగు

4-మిథైల్ అంబెల్లిఫెరోన్ అనే పదార్థం ఉన్నది. స్వల్పంగా క్షారగుణం గల ద్రావణంలో దీనిమీద సుమారు 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పడితే, ఇది సుమారు 450 నానోమీటర్ల నీలి కాంతిని ఇస్తుంది. దీనిలోని హైడ్రాక్సిల్ సమూహానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని అతికిస్తే, అదే దీపం క్రింద ఆ వెలుగు దాదాపు కనిపించదు. వెలుగుకు తాళం వేసినట్లే. ఇటువంటి పదార్థాన్ని ప్రతిదీప్తి శోధకం అంటారు.

ఈ తాళాన్ని తీయగలది బీటా-గ్లూకురోనిడేజ్ అనే ఎంజైము. ఎంజైము, అది పనిచేసే పదార్థం తాళం, తాళపుచెవి వలె ఒకదానికొకటి సరిపోవాలని 1894లోనే ఎమిల్ ఫిషర్ చెప్పాడు. మన కాలేయం కొన్ని అక్కరలేని పదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జతచేసి పైత్యరసంతో ప్రేగులలోనికి పంపుతుంది. ప్రేగులలోని ఇ. కోలై ఆ జతను విడగొట్టి ఆమ్లాన్ని ఆహారంగా వాడుకొంటుంది. అందుకే దానివద్ద ఈ ఎంజైము ఉన్నది. ఈ శోధకంతో ఇ. కోలైని గుర్తించవచ్చునని 1982లో ఫెంగ్, హార్ట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు చూపారు.

పరీక్ష జరిపే విధానం సులభమైనదే. నీటి నమూనాలో పోషక పదార్థాలను, శోధకాన్ని కలిపి, 35 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 24 గంటలు ఉంచుతారు. ఇ. కోలై ఉంటే అది పెరిగి శోధకాన్ని విడగొడుతుంది. అతినీలలోహిత దీపం క్రింద సీసా నీలంగా వెలుగుతుంది. ఒక ఎంజైము అణువు తాను ఖర్చు కాకుండానే ఒకదాని వెంట ఒకటిగా అనేక శోధకాణువులను విడగొడుతుంది. పైగా చీకటిలో చిన్న దీపమైనా కనిపించినట్లు, వెలుగు లేని ద్రావణంలో కొద్దిపాటి ప్రతిదీప్తి కూడా తెలిసిపోతుంది.

శస్త్రచికిత్సలో

కాన్సరు కణాలలో కొన్ని ఎంజైములు మామూలు కణాలలో కంటె ఎక్కువగా ఉంటాయి. 2011లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన యసుతెరు ఉరానో, ఆయన సహచరులు ఒక శోధకాన్ని ఎలుకలలోని కాన్సరు కంతులపై చల్లి, అవి కొద్ది నిమిషాలలోనే వెలగడం చూపారు. 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెగులిసియానిన్ అనే శోధకాన్ని రొమ్ము కాన్సరు శస్త్రచికిత్సలో వాడడానికి అనుమతించింది. దీనిని ముందుగా నరానికి ఎక్కిస్తారు. కంతిని తీసివేసిన తరువాత ఆ చోట ఇంకా కాన్సరు మిగిలి ఉన్నదేమో వైద్యుడు దీని వెలుగు సాయంతో పరిశీలిస్తాడు.

చీకటి చెప్పని సంగతి

అయితే శోధకం చూపేది ఎంజైమునే గాని, సూక్ష్మజీవిని గాని, రోగాన్ని గాని కాదు. ఇ. కోలైలోనే O157:H7 అనే ప్రమాదకరమైన రకం ఒకటి ఉన్నది. రక్త విరేచనాలు కలిగించే ఈ రకాన్ని కూడా 1982లోనే గుర్తించారు. ఇది సాధారణంగా పై శోధకాన్ని వెలిగించదు! మలినమైన నీటిలో మామూలు రకాలు కూడా ఉంటాయి గనుక నీటి పరీక్షకు ఇది పెద్ద ఆటంకం కాదు. కాని రోగి మలాన్ని పరీక్షించేటప్పుడు వెలుగు రాలేదని నిశ్చింతగా ఉంటే ప్రాణాపాయం కలుగవచ్చు. అక్కడ వేరే పరీక్షలు తప్పవు. మరొకవైపు, వాచిన కణజాలంలో కూడా కొన్ని ఎంజైములు పెరుగుతాయి గనుక, వెలిగినదంతా కాన్సరు అనుకొనరాదు.

అందువల్లనే ప్రయోగశాలలో నమూనాతోపాటు మరి రెండు సీసాలు ఉంచుతారు. ఒకదానిలో ఇ. కోలైని తెలిసి కలుపుతారు. రెండవదానిలో సూక్ష్మజీవులు లేని నీరు ఉంటుంది. మొదటిది వెలిగి, రెండవది వెలగనప్పుడే నమూనా ఇచ్చిన సమాధానాన్ని లెక్కలోనికి తీసుకొంటారు. వెలుగు వచ్చినా, రాకపోయినా, ఏ ప్రశ్నకు అది సమాధానమో తెలిసి ఉండాలి. పరీక్ష విలువ అందులోనే ఉన్నది.