ద్వారం వద్ద ఆగిన లినక్స్
2024 ఆగస్టు 13న విడుదలైన విండోస్ నవీకరణ తరువాత, రెండు వ్యవస్థలూ ఉన్న కొన్ని కంప్యూటర్లలో లినక్స్ మొదలవడం మానేసింది. భద్రతా విధానం ఉల్లంఘన జరిగిందన్న సందేశంతో యంత్రం ఆగిపోయేది. దస్త్రాలు మాత్రం డిస్కులో భద్రంగానే ఉన్నాయి. గ్రబ్ బూట్‌లోడర్‌లో 2022లో బయటపడిన లోపాన్ని అరికట్టడానికి, పాత బూట్‌లోడర్లను నిరాకరించే నియమాన్ని మైక్రోసాఫ్ట్ ఫర్మ్‌వేర్‌లో రాయించింది. రెండు వ్యవస్థలున్న యంత్రాలకు అది వర్తించదన్న మాట నిలవలేదు.

అటువంటప్పుడు లినక్స్‌ను తుడిచి మళ్ళీ ఎక్కించడం రోగనిర్ధారణకు ముందే శస్త్రచికిత్స వంటిది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపితే లినక్స్ తెరుచుకుంటుంది. మోక్‌యుటిల్‌తో ఆ నియమాన్ని తొలగించమని ఆదేశించి, షిమ్, గ్రబ్‌లను నవీకరించి, ఒకసారి లినక్స్‌లోకే తిరిగి బూట్ చేసిన తరువాత సెక్యూర్ బూట్‌ను పునరుద్ధరించాలి. విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ముందే దగ్గర పెట్టుకోవాలి. ఈ మార్పు గమనించగానే విండోస్ దానిని అడగవచ్చు.