తలరాత అనే ముందు... తల సంగతి!

‘నా తల, నా ఇష్టం’ అంటారు కొందరు. ‘రాసిపెట్టి ఉంటే ఎవరాపుతారు?’ అంటారు ఇంకొందరు. ఒకరిది పూర్తి స్వేచ్ఛ, మరొకరిది పూర్తి విధి. ఇద్దరూ హెల్మెట్‌ను ఇంట్లోనే వదిలేసి బండెక్కుతారు.

కడప - రేణిగుంట జాతీయ రహదారి మన రాజంపేట మీదుగానే పోతుంది. కోడూరు నుంచి అరటి, మామిడి లోడు లారీలు, తిరుమల యాత్రికుల కార్లు, బస్సులు. వాటి మధ్యే మన బండ్లూ! నందలూరుకో, తాళ్లపాకకో ‘ఇట్లా పోయి అట్లా వస్తా’ అని బయల్దేరుతాం. దూరం తక్కువే. కానీ తలకు అయ్యే గాయానికి దూరంతో పని లేదు, వేగంతోనే పని.

ఈ చట్టానికి మినహాయింపుల్లేవు

పోలీసులను తప్పించుకుని సందులోంచి పోవచ్చు. ప్రకృతి నియమాన్ని తప్పించుకోలేం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో తల నేరుగా గట్టి వస్తువును ఢీకొంటే, సుమారు 6 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మేడ మీంచి పడ్డట్టే. వేగం 60 అయితే ఆ ఎత్తు 14 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, దెబ్బ తీవ్రత రెండింతలు దాటింది.

మెదడు బరువు సుమారు 1,300-1,400 గ్రాములు. జున్నులా మెత్తగా, పుర్రెలో ద్రవం మధ్య తేలుతూ ఉంటుంది. పుర్రె ఠక్కున ఆగినా మెదడు ఆగదు. ముందుకెళ్లి ఎముకకు కొట్టుకుంటుంది, మళ్లీ వెనక్కి కొట్టుకుంటుంది. హెల్మెట్ లోపలి థర్మాకోల్ లాంటి పొర ఆ సమయంలో నలిగిపోతూ, తల ఆగే సమయాన్ని సెకనులో కొన్ని వేల వంతులు పెంచుతుంది. చాలాసార్లు ప్రాణానికి ఆ కాస్త వ్యవధే చాలు. హెల్మెట్ వల్ల మరణం ముప్పు సుమారు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతున్నట్లు పలు దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన సమీక్షలో తేలింది.

‘పెట్టుకున్నా పోయినవాళ్లు లేరా సార్?’ అని అడుగుతుంటారు. ఉన్నారు. హెల్మెట్ అభయహస్తం కాదు, అపాయాన్ని తగ్గించే సాధనం. మందులు వాడుతున్నా కొందరికి గుండెపోటు వస్తోందని బీపీ మాత్రలు మానేయం కదా!

‘ఏం కాలేదు’ అనే గంటలు

కణత దగ్గర ఎముక చాలా పలుచన. అది చిట్లితే కింద ఉన్న రక్తనాళం తెగి, పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుంది. చిత్రమేమిటంటే, పడిన మనిషి కాసేపటికి తేరుకుని లేచి, బట్టలు దులుపుకొని ‘ఏం కాలేదు’ అంటాడు. కొన్ని గంటలు మామూలుగానే ఉండొచ్చు. లోపల గడ్డ పెరిగి మెదడును నొక్కాక స్పృహ తప్పుతుంది. సకాలంలో సీటీ స్కాన్ తీసి ఆపరేషన్ చేస్తే చాలామంది బతుకుతారు. అందుకు మనం కడపకో, తిరుపతికో చేరాలి. కడపే 50 కిలోమీటర్లకు పైన. ‘పొద్దున చూద్దాంలే’ అన్న నిర్ణయానికి ఇక్కడ చెల్లించే మూల్యం చాలా పెద్దది.

నా ఇష్టం ఎంతవరకు?

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం, నాలుగేళ్లు దాటిన ఎవరైనా, వెనక కూర్చున్నా సరే, హెల్మెట్ పెట్టుకోవాలి. 2019 సవరణతో జరిమానా 1,000 రూపాయలైంది, లైసెన్సుపై మూడు నెలల అనర్హత కూడా పడుతుంది. ‘నాకు లేని బాధ ప్రభుత్వానికెందుకు?’ అనిపించడం సహజం. అమెరికాలోని ఫ్లోరిడా 2000లో ఈ వాదననే ఒప్పుకుంది. 21 ఏళ్లు దాటి, కనీసం 10,000 డాలర్ల వైద్య బీమా ఉంటే హెల్మెట్ అక్కర్లేదంది. ఆ తర్వాత మోటార్‌సైకిల్ మరణాలు పెరిగాయి. ఆసుపత్రి ఖర్చులకు చాలామందికి ఆ బీమా చాలలేదు. వియత్నాం 2007 డిసెంబరు 15 నుంచి అందరికీ తప్పనిసరి చేసింది. దాదాపు అందరి తలలపైకీ హెల్మెట్లు వచ్చేశాయి, తల గాయాలు తగ్గాయి.

ఇంకో విషయం ఆలోచించండి. తలకు పెద్ద దెబ్బ తగిలాక ‘నా ఇష్టం’ అన్న మనిషికి ఏ ఇష్టమూ మిగలదు. ఆపరేషన్ కాగితం మీద వణుకుతూ సంతకం పెట్టేది భార్యో, తండ్రో. నగలు కుదువపెట్టేది వాళ్లే. బతికి బయటపడ్డా మాట తడబడి, కోపం అదుపు తప్పి, చేసిన పనే మరచిపోతుంటే ఏళ్ల తరబడి చూసుకునేదీ వాళ్లే. నిర్ణయం ఒకరిది, ఫలితం ఇంటిల్లిపాదిదీ.

తాళం ఇచ్చేది మనమే

ఇంటర్ పిల్లాడు ట్యూషన్‌కని బండి అడుగుతాడు. వేగం మీద మోజు ఉన్నంతగా ముప్పును తూచే నేర్పు ఆ వయసులో ఉండదు. ఆ నేర్పుకు అవసరమైన మెదడు ముందుభాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడ నిర్ణయం వాడిది కాదు, తాళం ఇచ్చే మనది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

కుక్క అడ్డం రావడం, ఎదుటి లారీ దారి తప్పడం మన చేతుల్లో లేవు. వాటిని కావాలంటే తలరాత అనుకోండి. గడ్డం కింద పట్టీ బిగించడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

గుర్తుంచుకోండి

* ఐఎస్ఐ మార్కు ఉన్న హెల్మెట్టే కొనండి. తలకు బిగువుగా ఉండాలి, ఊగకూడదు.
* పట్టీ బిగించకపోతే పడేటప్పుడు హెల్మెట్ ముందే ఎగిరిపోతుంది.
* ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మళ్లీ వాడొద్దు. పైకి బాగున్నా లోపలి పొర నలిగిపోయి ఉంటుంది.
* తలకు దెబ్బ తగిలాక పెరిగే తలనొప్పి, పదేపదే వాంతులు, మగత, తికమక, ఫిట్స్, ఒకవైపు బలహీనత, చెవి లేదా ముక్కు నుంచి రక్తం, నీరు కారడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.
* పడినవారికి నీళ్లు తాగించొద్దు, మెడ కదిలించొద్దు. 108కు ఫోన్ చేయండి. సాయం చేసినవారిపై కేసులుండవు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 134ఏ సెక్షన్ ఆ రక్షణ ఇస్తోంది.

- వ్యాసకర్త ఎండీ, ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు, రాజంపేట