మైకు అంకె కన్నా ముందు గది అంకె

మా మేనకోడలు విజయవాడలో ఉంటుంది. కథలు చదివి రికార్డు చేసే పని ఇంట్లోనే మొదలుపెడదామని పోయిన వేసవిలో ఫోన్ చేసింది. "మామయ్యా, రెండు కండెన్సర్ మైకులు చూసి పెట్టుకున్నా. ఒకదాని సెల్ఫ్ నాయిస్ 20 డెసిబెల్స్ అట, ఇంకోదానిది 5 అట. రెండోదానికి బాగా ఎక్కువ పెట్టాలి. ఏది తీసుకోమంటావ్?" అని అడిగింది. "ముందు నీ గది ఎంతో చెప్పు" అన్నాను. "పది బై పదకొండు" అంది. నేనడిగింది ఆ కొలత కాదు. తలుపు మూసి, ఎవరూ మాట్లాడకుండా ఉన్నప్పుడు ఆ గదిలో ఎన్ని డెసిబెల్స్ మోత మిగిలి ఉందని. మైకు కొనబోయేవాళ్లలో చాలామంది ఆ అంకె చూసుకోరు. అది తెలియకుండా డబ్బాల మీది అంకెలు ఎన్ని చదివినా నిర్ణయం గాల్లోనే ఉంటుంది.

ఇంట్లో ఫ్యాన్ నెమ్మదిస్తే ఎలక్ట్రీషియన్ వచ్చి 'కండెన్సర్ పోయింది' అంటాడు కదా, మైకు పేరులో ఉన్నదీ ఆ మాటే. ఎదురెదురుగా రెండు పలకలు, మధ్యలో సన్నని సందు, వాటి మీద విద్యుదావేశం. మైకులో ఆ పలకల్లో ఒకటి బంగారు పూత పూసిన ప్లాస్టిక్ పొర. చాలా మైకుల్లో దాని మందం 6 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంత పల్చటి పొర కాబట్టే పెదవులు విడివడే చప్పుడుకి కూడా కదులుతుంది. పొర కదిలితే సందు మారుతుంది, సందు మారితే వోల్టేజి మారుతుంది. వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో ఇ.సి.వెంటీ 1916లో రూపొందించిన పద్ధతి ఇదే. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ ఆవేశాన్ని పొరలోనే శాశ్వతంగా నిలిపే ఎలక్ట్రెట్‌ను తయారుచేశాక ఈ రకం మైకు చవకైంది, చిన్నదైంది.

ఈ మైకు నడవడానికి సాధారణంగా 48 వోల్టులు కావాలి. మైకుని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ మీద '48వి' అని రాసి ఉన్న మీట అందుకే. ఈ 48 ఎక్కడిదంటే, 1966లో నాయ్‌మన్ కంపెనీ తన కేఎం 84 మైకును నార్వే రేడియోకి ఇవ్వబోతే, అక్కడి స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దాన్నే వాడుకున్నారు, లోకమంతా అదే ప్రమాణమైంది. కొనేవాళ్లకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఎక్స్‌ఎల్‌ఆర్ తీగతో పనిచేసే కండెన్సర్ మైకుకి ఈ 48 వోల్టులిచ్చే ఇంటర్‌ఫేస్ ఖర్చు కూడా కలుపుకోవాలి. యూఎస్‌బీ మైకయితే ఆ సరంజామా అంతా లోపలే ఉంటుంది.

ఇక ఆ 20కీ 5కీ వద్దాం. మైకు లోపలి విద్యుత్ పరికరాలు సొంతంగా సన్నటి బుస పుట్టిస్తాయి. గదిలో అసలు శబ్దమే లేకపోయినా, అన్ని డెసిబెల్స్ మోత ఉన్నట్టు మైకు రాసుకుంటుంది. అదే సెల్ఫ్ నాయిస్. కొందరు దీన్నే తలకిందులు చేసి సిగ్నల్ టు నాయిస్ అని వేస్తారు. రెండూ కలిపితే 94 రావాలి, ఎందుకంటే కొలతకి వాడే ప్రామాణిక శబ్దం 94 డెసిబెల్స్. ఆడియో టెక్నికా ఏటీ2020 కాగితం మీద 20 అనీ, 74 అనీ రెండంకెలుంటే అవి వేర్వేరు సుగుణాలు కావు, ఒకే మాటని రెండుసార్లు చెప్పడం.

రోడ్ ఎన్‌టీ1-ఏకి ఈ అంకె 5. నాయ్‌మన్ టీఎల్‌ఎం 103కి 7. అదే నాయ్‌మన్ వారి యూ 87 ఏఐ, లక్షలు పోసి స్టూడియోలు కొనుక్కునే మైకు, దానికి 12. దాని ధరలో పదో వంతుకి కూడా రాని రోడ్ మైకు దానికన్నా నిశ్శబ్దంగా ఉంది. కాబట్టి ఈ అంకె మైకు ఎంత బుస పెడుతుందో చెబుతుంది, గొంతు ఎంత అందంగా పలుకుతుందో చెప్పదు.

ఇప్పుడు గది. ఫోన్‌లో శబ్దాన్ని కొలిచే యాప్ ఒకటి వేసుకోమన్నాను. ఫోన్ యాప్ అంకె కచ్చితంగా ఉండదు, కాకపోతే ఒకే ఫోన్‌తో చూసినప్పుడు రెండు అంకెల మధ్య తేడా బాగానే తెలుస్తుంది. రాత్రి పదకొండు దాటాక మంచం అంచున కూర్చుని చూసింది. ఫ్యాన్ మూడో నంబరు మీద తిరుగుతుంటే 44. ఫ్యాన్ కట్టేసి రెక్కలు పూర్తిగా ఆగాక చూస్తే 33. ఆ 33లో ఏముందో వినమన్నాను. పక్కింటి ఏసీ బయటి యూనిట్, హాల్లో ఫ్రిజ్, దూరంగా హైవే మీద లారీలు.

రెండు శబ్దాలు కలిసినప్పుడు డెసిబెల్స్‌ని మామూలుగా కూడకూడదు. 44కి 20 కలిస్తే 64 కాదు, 44.02. అంటే ఫ్యాన్ తిరిగే గదిలో 20 డెసిబెల్స్ మైకు పెడితే మొత్తం మోత పెరిగేది డెసిబెల్‌లో యాభయ్యో వంతు. ఫ్యాన్ ఆపిన 33 గదిలో ఆ పెరుగుదల 0.2. ఏ చెవీ దాన్ని పట్టలేదు. గదిని 25కి దించగలిగితే అప్పుడు 1.2 పెరుగుతుంది. గట్టిగా కట్టిన స్టూడియోలో గది మోత 20 ఉంటే, మైకు 20 కూడా చేరి 23 అవుతుంది. అక్కడికి వెళ్తేగానీ 5 డెసిబెల్స్ మైకు విలువ తెలియదు. ఆ ఎక్కువ డబ్బు తిరిగే ఫ్యాన్ కింద ఖర్చు పెడితే ఫ్యాన్ చప్పుడు శుభ్రంగా రికార్డవుతుంది, అంతే.

ఇదంతా ఏ మేరకు నిశ్శబ్దం కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది కదా. ఆడియో పుస్తకాల కోసం ఆడిబుల్ వారి ఏసీఎక్స్ పెట్టిన నియమం ఒకటుంది. రికార్డింగ్ పట్టగల గరిష్ఠ మట్టాన్ని సున్నాగా లెక్కిస్తే, గొంతు సగటు మట్టం మైనస్ 23కీ మైనస్ 18 డెసిబెల్స్‌కీ మధ్య ఉండాలి, శిఖరాలు మైనస్ 3 దాటకూడదు, మాటల మధ్య నిశ్శబ్దం మైనస్ 60 కన్నా కింద ఉండాలి. మనం ఆ వేదికకి ఇవ్వకపోయినా కొలబద్దగా బాగుంటుంది.

మామూలుగా మాట్లాడే గొంతు మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్. దూరం సగమైన ప్రతిసారీ 6 పెరుగుతుంది, కాబట్టి 25 సెంటీమీటర్ల దగ్గర 72. మా మేనకోడలి గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే గొంతుకీ మోతకీ మధ్య తేడా 72లోంచి 44 పోగా 28. గొంతుని మైనస్ 20కి తెస్తే నిశ్శబ్దం మైనస్ 48 దగ్గర ఆగుతుంది. కావలసినదానికి 12 తక్కువ. ఫ్యాన్ ఆపితే మైనస్ 59. ఇంకొక్క డెసిబెల్ కావాలి. మైకుని 25 నుంచి 15 సెంటీమీటర్లకి, అంటే జానెడు కన్నా కాస్త ఎక్కువున్నదాన్ని జానెడు లోపుకి జరిపితే 4.4 కలిసొస్తుంది, మైనస్ 63 దాటుతాం. దీనికి పైసా ఖర్చు లేదు. బెత్తెడు దూరానికి మాత్రం రానివ్వకూడదు. అంత దగ్గరైతే గొంతులో కింది స్థాయుల మోత పెరుగుతుంది, 'ప', 'బ', 'భ' పలికినప్పుడల్లా గాలి నేరుగా పొరను కొడుతుంది. మన మహాప్రాణాలు మైకుకి కష్టమైన అక్షరాలు. పాప్ ఫిల్టర్ పెట్టుకుని, నోటికి సూటిగా కాక కాస్త పక్కకి తిప్పి మైకుని నిలబెడితే 'భయం' అన్న మాట కూడా శుభ్రంగా వస్తుంది.

"డైనమిక్ మైకయితే గది మోత రాదటగా మామయ్యా" అని కూడా అడిగింది. ఈ నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. షూర్ ఎస్‌ఎం7బి ఒక పాస్కల్ (అంటే ఆ ప్రామాణిక 94 డెసిబెల్స్) శబ్దానికి 1.12 మిల్లీవోల్టులిస్తుంది, రోడ్ ఎన్‌టీ1-ఏ 25 ఇస్తుంది. 22 రెట్ల తేడా, అంటే 27 డెసిబెల్స్. కానీ ఆ తగ్గుదల గొంతుకీ గది మోతకీ సమానంగా పడుతుంది. గొంతు వినపడాలని ఇంటర్‌ఫేస్ మీద మరను అంత మేరకు తిప్పగానే మోత కూడా అంతే లేస్తుంది. డైనమిక్ మైకుని జనం పెదవులకి ఆనించి వాడతారు, దానికి పై స్థాయుల్లో చురుకుదనం కూడా తక్కువ. గది తగ్గినట్టు అనిపించడానికి ఎక్కువ కారణం అదే. కండెన్సర్‌ని కూడా దగ్గరగా వాడితే లాభం అంతే ఉంటుంది.

కార్డియాయిడ్ రకం మైకు పక్క నుంచి వచ్చే శబ్దాన్ని 6 డెసిబెల్స్ తగ్గించి వింటుంది, సరిగ్గా వెనక నుంచి వచ్చేదాన్ని దాదాపు విననే వినదు. కాబట్టి మైకు వీపుని మోత వచ్చే వైపుకి పెట్టాలి, కిటికీ అయితే కిటికీకి. ఇంకో మాట. పెద్ద పొర కండెన్సర్ మైకుల్లో చాలావాటికి మాట్లాడాల్సింది కొసన కాదు, పక్కన. సాధారణంగా బ్రాండ్ గుర్తు ఉన్న వైపు నోటికి ఎదురుగా ఉండాలి. పాటగాళ్లు చేత్తో పట్టుకునే మైకు అలవాటుతో దీన్ని కూడా పడుకోబెట్టి కొసలోకి మాట్లాడితే గొంతు దూరంగా, మూతపడ్డట్టు వస్తుంది, తప్పు మైకు మీద పడుతుంది.

డబ్బా మీద పెద్దక్షరాలతో వేసే '20 – 20,000 హెర్ట్జ్' దాదాపు అన్ని మైకుల మీదా ఒకేలా ఉంటుంది. ఎన్ని డెసిబెల్స్ ఎచ్చుతగ్గులతో అని పక్కన లేకపోతే దానివల్ల తెలిసేదేమీ లేదు. చూడాల్సింది ఏ స్థాయిని మైకు ఎంత పలుకుతుందో చూపే గీత. టీఎల్‌ఎం 103 గీత 5,000 హెర్ట్జ్ తరవాత 4 డెసిబెల్స్ దాకా పైకి లేస్తుంది. కొన్ని గొంతులకి అది మెరుపు, 'శ', 'ష', 'స' పదునుగా పలికేవాళ్లకి అదే ముల్లు. చవక మైకుల్లో చాలావాటిది పాత నాయ్‌మన్ నమూనా క్యాప్సూల్ (పొర, పలక ఉండే భాగం). ఆ క్యాప్సూల్ సహజంగానే పై స్థాయుల్లో ఎక్కువ పలుకుతుంది. అసలు నాయ్‌మన్ సర్క్యూట్ దాన్ని తగ్గించి సరిచేసేది. ఈ చవక మైకుల్లో ఆ సరిచేసే భాగం తరచూ ఉండదు, అందుకే సకారాలు గుచ్చుకుంటాయి. ఇక్కడ అంకె కన్నా చెవే పెద్దది. నీ గొంతుతో, నీ భాషలో ఒక పేరా చదివి వినకుండా కొనకు అని చెప్పాను.

గరిష్ఠ శబ్దం అంకె కథలు చదివేవాళ్లకి అక్కర్లేదు. ఏటీ2020 144 డెసిబెల్స్ తట్టుకుంటుంది, మనిషి గొంతు అంత దూరం పోదు. మృదంగానికో డప్పుకో దగ్గరగా మైకు పెట్టేవాళ్లు దాన్ని చూసుకోవాలి.

గదిలో ఇంకో గొడవ ప్రతిధ్వని. పది అడుగులంటే 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య ఆ దూరం ఉంటే 56 హెర్ట్జ్ దగ్గర గది మోగుతుంది, దాని రెట్టింపు 112 దగ్గర, మూడింతలు 168 దగ్గర కూడా. 112 మగ గొంతులో పడుతుంది, 168 ఆడ గొంతులో. కప్పు ఎత్తు కూడా పది అడుగులే అయితే ఆ మోగడం ఇంకా ఎక్కువవుతుంది. గోడకి అంటించే అంగుళం స్పాంజి పై స్థాయుల్లోనే గట్టిగా పనిచేస్తుంది, ఆ మోగే స్థాయుల్ని తాకను కూడా తాకదు. బయటి హారన్లని ఆపడం దాని పనే కాదు. మా మేనకోడలిని బీరువాలోని బొంతలు తీయమన్నాను. రెండు బొంతలు మడిచి, గోడకి జానెడు ఎడంగా, తను కూర్చునే చోటికి వెనక తాడు మీద వేసింది. కార్డియాయిడ్ మైకు మనిషి వెనక గోడనే చూస్తుంది కాబట్టి బొంత ఉండాల్సిన చోటు అది. గది మధ్యలో కూర్చోవద్దన్నాను, ఒక మూడో వంతు దగ్గర కూర్చోమన్నాను.

ఇంతకీ ఏది కొనాలి? కథలు చదవడానికే అయితే, ఆ గదిలో 20 డెసిబెల్స్ మైకు చాలు. మిగిలిన డబ్బు మంచి స్టాండుకీ, పాప్ ఫిల్టర్‌కీ, హెడ్‌ఫోన్లకీ పెట్టాలి. కానీ మా అక్క, ఆ పిల్ల తల్లి, వీణ వాయిస్తుంది. వీణని మూడడుగుల దూరం నుంచి రికార్డు చేస్తే మైకుకి చేరే శబ్దం చాలా తక్కువ, మరను బాగా తిప్పాలి, బుస పైకొస్తుంది. లారీల మోత కింది స్థాయిలో ఉంటుంది, దాన్ని 80 హెర్ట్జ్ దగ్గర కోసేయొచ్చు. మైకు బుస అలా కాదు, మీటు ఆరిపోతూ సన్నగిల్లే చోటనే, ఆ నాదంలోనే కలిసి కూర్చుంటుంది, కోస్తే వీణా తెగుతుంది. అందుకని అమ్మ వీణ కూడా రికార్డు చేయాలనుకుంటే 5 డెసిబెల్స్ మైకుకే పెట్టు అన్నాను. రెండు రోజులు ఆలోచించి అదే తెప్పించుకుంది.

తెచ్చాక, వాడనప్పుడు మైకుని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచమని గట్టిగా చెప్పాను. కృష్ణ ఒడ్డు తేమ మామూలుది కాదు. తేమ చేరితే క్యాప్సూల్ మీది ఆవేశం కారిపోయి పటపటమని చప్పుళ్లొస్తాయి.

మొదటి రాత్రి ఫ్యాన్ ఆపి, ఫ్రిజ్ స్విచ్ తీసేసి, తువ్వాలు పక్కన పెట్టుకుని కూర్చుంది. పన్నెండు నిమిషాలు చదివి ఫైలు పంపింది. మాటల మధ్య నిశ్శబ్దం మైనస్ 64 ఉంది. ఏడో నిమిషంలో మాత్రం గోడ మీద బల్లి ఒకటి మూడుసార్లు అరిచింది, ఆ అరుపు చాలా స్పష్టంగా వినపడింది. ఆ పేరా మళ్లీ చదివి పంపింది.