తప్పటడుగులు – కమిలిన మచ్చలు

ఏడాది నిండిన బిడ్డ వేసే అడుగులను మనవారు తప్పటడుగులు అన్నారు. ఆ తప్పులు ఎన్నో లెక్క పెట్టినవారు కూడా ఉన్నారు. న్యూయార్కు విశ్వవిద్యాలయానికి చెందిన కారెన్ అడాల్ఫ్, ఆమె సహచరులు 2012లో ప్రచురించిన పరిశీలనలో, 12 నుండి 19 నెలల పిల్లలు ఆడుకొనేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేశారు. 17 మార్లు పడ్డారు. కనుక మా వాడొక్కడే ఇలా పడుతున్నాడని ఏ తల్లీ దిగులుపడనక్కరలేదు.

పుట్టిననాడు శిశువు తల, ఒంటి పొడవులో సుమారు నాలుగవ వంతు ఉంటుంది. పెద్దవారిలో అది ఏడెనిమిదవ వంతు మాత్రమే. తప్పటడుగుల వయసులోనూ పైన బరువైన తల, క్రింద పొట్టి కాళ్లు. ముందుకు తూలితే నొసలు నేలకు తగులుతుంది. నొసటిమీద, మోకాటి క్రింద ముందు వైపున చర్మానికి అడుగునే ఎముక ఉన్నది. దెబ్బను ఓర్చుకొనే మెత్తని కండ లేదు. అందుచేత అక్కడి సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. రక్తం చర్మం క్రిందకు ఊరి, బొప్పి కడుతుంది లేదా కమిలిన మచ్చ ఏర్పడుతుంది.

ఈ మచ్చ రంగులు మారడం చూడదగిన వింత. మొదట ఎరుపు, తరువాత నీలం. ఇంతలో భక్షక కణాలు అక్కడికి చేరి ఎర్ర రక్తకణాలను మ్రింగుతాయి. రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ వాటిలో విచ్ఛిన్నమై ముందు బిలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థంగా, పిదప బిలిరుబిన్ అనే పసుపు పదార్థంగా మారుతుంది. పచ్చకామెర్లలో కంటికి పసుపునిచ్చేది ఈ బిలిరుబినే! మిగిలిన ఇనుము కొంతకాలం గోధుమరంగుగా నిలుస్తుంది. అయితే చామనచాయ ఒంటిమీద ఈ రంగులన్నీ స్పష్టంగా కనబడవు. రంగును బట్టి దెబ్బ ఏనాటిదో కచ్చితంగా చెప్పడం వైద్యులకు కూడా సాధ్యం కాదు.

బొప్పి కట్టగానే నూనె రాసి గట్టిగా రుద్దడం మన ఇళ్లలో అలవాటు. ఇది మంచిది కాదు. చిట్లిన నాళాలు ఇంకా చిట్లుతాయి. కొంగు ఉండచుట్టి నోటి ఆవిరి పట్టి అద్దితే నష్టమేమీ లేదు, బిడ్డ ఏడుపు మానుతుంది కూడా. కాని వాపు తగ్గించేది చల్లదనం. తడిగుడ్డను గాని, గుడ్డలో చుట్టిన మంచును గాని పది నిమిషాలు అదిమి ఉంచాలి. చల్లదనానికి నాళాలు ముడుచుకొంటాయి.

ఇక అసలు సంగతి. 1999లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో మూడేళ్లలోపు పిల్లలను 973 మందిని చూశారు. నడిచేవారిలో సగం మందికి పైగా మచ్చలున్నాయి. ఆరు నెలలలోపు 366 మందిలో ఇద్దరికే ఉన్నాయి. కదలలేని పసికందు ఒంటిమీద మచ్చ కనబడితే, ఎంత చిన్నదైనా, వెంటనే వైద్యునికి చూపాలి. నడిచే బిడ్డకైనా చెవిమీద, మెడమీద, పొట్టమీద మచ్చలుంటే అవి మామూలుగా పడితే తగిలే చోట్లు కావు. ఎవరైనా కొట్టారేమో విచారించాలి; రక్తం గడ్డకట్టని జబ్బేమో పరీక్షించాలి.

తలకు దెబ్బ తగిలిన పిమ్మట పదేపదే వాంతి, లేపినా లేవని మగత, మూర్ఛ, ముక్కునుండి గాని చెవినుండి గాని నీరో రక్తమో కారడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా క్షణం ఆగరాదు. రెండేళ్లలోపు బిడ్డకు తల ప్రక్కన మెత్తగా, పెద్దగా వాచినా అంతే.

చిన్న దెబ్బకే పెద్ద మచ్చలు, కీళ్ల వాపులు వచ్చే మగపిల్లలలో హీమోఫిలియా ఉండవచ్చు. ఇది తరచు తల్లి వైపునుండి సంక్రమిస్తుంది. పన్ను తీయించినప్పుడో, గాయమైనప్పుడో బిడ్డ మేనమామకు రక్తం ఆగక ఇబ్బంది కలిగి ఉంటే ఆ మాట వైద్యునికి ముందే చెప్పాలి.