తరగతి గదిలో సామాజిక మాధ్యమాలు: బోధనకు తోడ్పాటు, వినియోగంలో జాగ్రత్తలు

ప్రత్యేక వ్యాసం

గ్రామీణ భారతదేశంలో 14 నుండి 16 సంవత్సరాల వయస్సు గల బాలబాలికలలో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ ఉపయోగించడం తెలుసునని 2025 జనవరిలో విడుదలైన విద్యా స్థితి వార్షిక నివేదిక (అసర్-2024) వెల్లడించింది. వీరిలో సర్వేకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి ఫోనును వాడినవారు 57 శాతం కాగా, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. పిల్లలకు ఇప్పటికే పరిచయమైన ఈ సాధనాన్ని ఉపాధ్యాయుని పర్యవేక్షణలో చదువు వైపు మళ్ళించడం ఎలాగన్నది నేడు విద్యారంగం ముందున్న ముఖ్యమైన ప్రశ్న.

కోవిడ్ కాలపు అనుభవం

2020 మార్చిలో కోవిడ్-19 కారణంగా పాఠశాలలు మూతపడినప్పుడు ఈ మాధ్యమాలు బోధనలో పెద్ద ఎత్తున ప్రవేశించాయి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్.సి.ఇ.ఆర్.టి.) రూపొందించిన ప్రత్యామ్నాయ విద్యా క్యాలెండర్ వాట్సాప్, ఫేస్‌బుక్, ట్విట్టర్ వంటి వాటిని బోధనా సాధనాలుగా పేర్కొంది. ఇంటర్నెట్ సౌకర్యం లేని కుటుంబాలకు ఎస్.ఎం.ఎస్. లేదా ఫోన్ కాల్ ద్వారా సూచనలు అందించాలని కూడా తెలిపింది.

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా 'విద్యా వారధి' పాఠాలు అందాయి. ఉపాధ్యాయులు వాట్సాప్ గ్రూపులలో అభ్యాస పత్రాలు పంపగా, విద్యార్థులు నోటు పుస్తకాల ఫొటోలు తిరిగి పంపేవారు. అయితే ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో పాటు పనికి వెళ్ళిపోయిన చోట్ల పిల్లవాని పాఠం సాయంత్రం వరకు ఆగిపోయేది. ఈ సాధనాల బలమూ, పరిమితీ రెండూ ఆ కాలంలోనే స్పష్టమయ్యాయి.

ఉపయోగించే విధానం

సామాజిక మాధ్యమాన్ని పాఠానికి అనుబంధంగా, నిర్దిష్టమైన ఒక లక్ష్యంతో ఉపయోగించినప్పుడే ప్రయోజనం చేకూరుతుంది. ఉదాహరణకు, విత్తనాలు మొలకెత్తే తీరును బోధించే ఉపాధ్యాయుడు ప్రతిరోజు ఒకే సమయంలో మొలక ఫొటో తీయించి, తేదీతో సహా తరగతి గ్రూపులో ఉంచవచ్చు. వారం తరువాత ఆ ఫొటోలను వరుసగా చూపినప్పుడు పెరుగుదల క్రమం పిల్లలకు తేటతెల్లమవుతుంది. తెలుగు పాఠంలో తమ ఇంటి పెద్దలు వాడే సామెతలను, వ్యవసాయ పదాలను విద్యార్థులు వారి గొంతుతోనే రికార్డు చేసి తీసుకురావచ్చు. శ్రీకాకుళం, చిత్తూరు, ఆదిలాబాదు మాటల తీరులోని వైవిధ్యం ఈ విధంగా తరగతికి వినిపిస్తుంది.

వచ్చిన సమాచారాన్ని పరీక్షించి చూసే అలవాటు అన్నిటికంటే విలువైనది. తుపాను సమయంలో పాత ఫొటోలు, వదంతులు ఫోన్లలో విస్తృతంగా తిరగడం తీరప్రాంత ప్రజలకు తెలిసినదే. అటువంటి సందేశమొకటి తీసుకుని, అది ఎవరు పంపారు, ఏ తేదీది, ఏ ప్రాంతానిది అని విద్యార్థులచే ప్రశ్నింపజేసి, భారత వాతావరణ విభాగం ప్రకటనతో సరిపోల్చడం సాంఘిక శాస్త్రంలో ఒక మంచి పాఠం కాగలదు. ఈ అలవాటు విద్యార్థి ద్వారా ఇంటిల్లిపాదికీ ఉపకరిస్తుంది.

వెనుకబడకుండా చూడవలసినవారు

స్మార్ట్‌ఫోన్ వాడకం తెలిసిన 14-16 సంవత్సరాల బాలురలో 36.2 శాతం మందికి సొంత ఫోను ఉండగా, బాలికలలో 26.9 శాతం మందికే ఉన్నదని అసర్ నివేదిక పేర్కొనడం గమనార్హం. ఇంటి వద్ద ఫోనుపై ఆధారపడే పనికి మార్కులు కేటాయిస్తే ఈ వ్యత్యాసం ఫలితాలలోనూ ప్రతిబింబించే ప్రమాదమున్నది. అందువలన ఇటువంటి పనులను ఉపాధ్యాయుని ఫోను లేదా పాఠశాలలోని తెర సాయంతో, బృందాలుగా, బడి వేళలలోనే పూర్తి చేయించడం శ్రేయస్కరం. ఇందుకు ప్రతి విద్యార్థి చేతిలో ఫోను ఉండవలసిన అవసరం లేదు.

భద్రత, చట్టం

సామాజిక మాధ్యమాలు వాడే ఈ వయస్సు పిల్లలలో ఇబ్బంది కలిగించే ఖాతాను నిరోధించడం లేదా దానిపై ఫిర్యాదు చేయడం తెలిసినవారు 62 శాతం, తమ ప్రొఫైల్‌ను ఇతరులకు కనిపించకుండా చేయడం తెలిసినవారు 55.2 శాతం మాత్రమే. కావున ఈ నైపుణ్యాలను తొలి పాఠంగానే నేర్పవలసి ఉంటుంది.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం-2023 ప్రకారం 18 సంవత్సరాలు నిండనివారు బాలలు. వారి వ్యక్తిగత సమాచార సేకరణకు, వినియోగానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి అవసరమని చట్టం నిర్దేశిస్తున్నది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అప్పటి నుండి 18 నెలల తరువాత అమలులోకి వచ్చేలా గడువు ఇచ్చారు. ఈలోగానే పాఠశాలలు సిద్ధం కావడం మంచిది.

వాట్సాప్ గ్రూపులో చేరినవారి ఫోన్ నంబర్లు సభ్యులందరికీ కనిపిస్తాయి. కనుక పిల్లల నంబర్లకు బదులు తల్లిదండ్రుల నంబర్లు చేర్చడం, అడ్మిన్ మాత్రమే సందేశం పంపే ఏర్పాటు చేయడం, పిల్లల ముఖాలు, పూర్తి పేర్లు, మార్కులు బహిరంగ పేజీలలో ఉంచకపోవడం పాటించదగిన జాగ్రత్తలు. తెర ముందు గడిపే సమయంపై 2020 జులైలో కేంద్రం విడుదల చేసిన 'ప్రజ్ఞత' మార్గదర్శకాలు, ఆన్‌లైన్ తరగతులను 1 నుండి 8వ తరగతి వరకు రోజుకు 30-45 నిమిషాల రెండు విడతలకు, 9 నుండి 12వ తరగతి వరకు నాలుగు విడతలకు మించకుండా నిర్వహించాలని సూచించాయి.

ఆన్‌లైన్‌లో వేధింపు ఎదురైతే పిల్లలు 1098 బాలల సహాయ నంబరును, ఆర్థిక మోసం జరిగితే పెద్దలు 1930 సైబర్ నేర సహాయ నంబరును సంప్రదించవచ్చు. ఈ రెండు నంబర్లను ప్రతి తరగతి గది గోడపై వ్రాసి ఉంచడం ఖర్చు లేని పని. ఫోను లేని పిల్లవానికి సైతం పాఠం అందేలా, ఫోను ఉన్న పిల్లవానికి హాని కలగకుండా ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రులు కలసి ముందుగానే నియమాలు ఏర్పరచుకొన్న చోట ఈ మాధ్యమాలు విద్యకు నిజమైన తోడ్పాటు కాగలవు.